పన్ను తీయించుకునే భయానికి మందు: హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ చరిత్ర

పంటి నొప్పితో రాత్రంతా మేలుకొని ఉండేవారు మనలో చాలామంది ఉన్నారు. లవంగ నూనె పెట్టుకుంటారు, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తారు, మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని మింగుతారు. పళ్ళ డాక్టరు దగ్గరకు మాత్రం వెళ్ళరు. అడిగితే తీరిక లేదంటారు, ఖర్చు అంటారు. అసలు కారణం చాలాసార్లు భయం. సూది అంటే భయం, పట్టకారు అంటే భయం, ఎముక కోసే యంత్రం చప్పుడు అంటే భయం. ఇంట్లోవారు దాన్ని చూసి నవ్వుతారు. "ఇంత మనిషివి, పన్నుకు భయపడతావా?" అంటారు.

వైద్య చరిత్ర చదివినవారు ఆ మాట అనలేరు. పన్ను తీయించుకునే మనిషి భయం ప్రాణాలతో ముడిపడిన విషయమని గ్రహించడానికి ప్రపంచ వైద్యులకు అరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ అన్వేషణలో ఒక ముఖ్య ఘట్టం మన హైదరాబాదులోనే జరిగింది. నేడు దంత శస్త్రచికిత్సలో ఇచ్చే మగత మందుల వెనుక ఉన్న మొదటి జాగ్రత్త అక్కడ గట్టిగా స్థిరపడింది. రెండవ జాగ్రత్త మాత్రం అక్కడి పరీక్షకులకు చిక్కలేదు. ఈ రెండింటినీ తెలుసుకుంటే, జ్ఞానదంతం తీయించుకోబోయే మనిషి తన డాక్టరును ఏమి అడగాలో తానే తెలుసుకుంటాడు.

పంటితో మొదలైన మత్తు

శస్త్రచికిత్సకు ముందు మనసును మందగింపజేయడం కొత్త ఆలోచన కాదు. సుశ్రుత సంహితలో శస్త్రకర్మకు ముందు రోగికి ఆహారం పెట్టాలని, మద్యం అలవాటున్నవారికి తీక్ష్ణమైన మద్యం ఇవ్వాలని ఉంది. అయితే నోటి రోగాలు, ఉదర రోగాలు, మూలవ్యాధి వంటి కొన్నింటికి మాత్రం రోగి ఏమీ తినకుండా ఉన్నప్పుడే శస్త్రం ప్రయోగించాలని ఆ గ్రంథమే ప్రత్యేకంగా చెప్పింది. నేడు మత్తు ఇచ్చే ముందు పరగడుపున రమ్మని చెప్పే మాటకు అది పూర్వరూపంలా కనిపిస్తుంది.

ఆధునిక మత్తు వైద్యం మాత్రం అక్షరాలా పంటితోనే మొదలైంది. 1800లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ నైట్రస్ ఆక్సైడు వాయువు నొప్పిని తగ్గిస్తుందని, శస్త్రచికిత్సల్లో పనికిరావచ్చునని రాశాడు. ఆ మాటను నలభై ఏళ్ళకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ వాయువు వినోద ప్రదర్శనలకే పరిమితమై 'నవ్వించే గాలి' అన్న పేరు తెచ్చుకుంది. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో అటువంటి ప్రదర్శన చూస్తున్న హొరేస్ వెల్స్ అనే దంత వైద్యుడు, గాలి పీల్చిన ఒకతను కాలికి గాయమైనా నొప్పి తెలియకుండా ఉండడం గమనించాడు. మరునాడే, డిసెంబరు 11న, తానే ఆ వాయువు పీల్చి తన పన్ను తీయించుకున్నాడు. తీసినవాడు జాన్ రిగ్స్ అనే మరో దంత వైద్యుడు.

మరుసటి నెల బోస్టన్‌లో పెద్ద వైద్యుల ముందు వెల్స్ చేసిన ప్రదర్శన విఫలమైంది. రోగి మూలిగాడు, చూసినవారు మోసమని ఎగతాళి చేశారు. 1846 సెప్టెంబరు 30న అదే బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే మరో దంత వైద్యుడు ఈథర్ పీల్పించి ఒక రోగి పన్ను నొప్పి లేకుండా తీశాడు. అక్టోబరు 16న మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఆయన ఇచ్చిన ఈథర్‌తో బహిరంగంగా శస్త్రచికిత్స జరిగింది. ప్రపంచం మత్తు మందును నమ్మింది. 1847లోనే ఈథర్ కలకత్తాకు చేరింది. పొట్ట కోసే వైద్యులకంటే పన్ను తీసే వైద్యులే ఈ పనికి ముందుకు రావడానికి కారణం ఉంది. నొప్పికి, భయానికి వెనుదిరిగి పారిపోయే రోగులను రోజూ చూసినవారు వారే.

క్లోరోఫాం తెచ్చిన వరం, భయం

1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. అది ఈథర్ కంటే త్వరగా పనిచేసేది, వాసన తియ్యగా ఉండేది, కొద్ది చుక్కలు గుడ్డ మీద వేసి ముక్కు దగ్గర పట్టుకుంటే చాలు. కొద్ది నెలల్లోనే మన దేశంతో సహా ఎన్నో దేశాలకు వ్యాపించింది.

అయితే మూడు నెలలు తిరగకముందే తొలి విషాదం జరిగింది. 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాజిల్ సమీపంలో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలివేలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చిన కొద్ది నిమిషాల్లోనే మరణించింది. జరిగింది చిన్న చికిత్స. ఇచ్చిన మందు కొద్ది. ఆ పిల్ల మాత్రం చికిత్స అంటే ఎంతో బెదిరి ఏడ్చింది.

ఆ తరువాత కూడా ఇటువంటి మరణాలు ఆగలేదు. వైద్యులను కలవరపెట్టిన విషయం ఒకటే. కాలు తీసివేయడం వంటి పెద్ద శస్త్రచికిత్సల్లో గాఢంగా క్లోరోఫాం తీసుకున్నవారు బతికి బయటపడుతున్నారు. పన్ను తీయడం, గోరు తీయడం వంటి చిన్న పనులకు తేలికగా మత్తు ఇచ్చినవారిలో కొందరు హఠాత్తుగా చనిపోతున్నారు. ఎందుకు?

బ్రిటిషు వైద్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు. క్లోరోఫాం గుండెను ఆపుతుంది కాబట్టి వేలు నాడి మీద ఉంచాలని లండను పక్షం. ముందుగా ఆగేది శ్వాస కాబట్టి ఊపిరి మీదనే కన్ను ఉంచాలని ఎడింబరో పక్షం. ఈ తగవు తేల్చడానికి హైదరాబాదు వేదికైంది.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో

ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో జేమ్స్ సైమ్ దగ్గర శస్త్రవైద్యం నేర్చుకున్నవాడు. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రినీ, హైదరాబాదు వైద్య పాఠశాలనూ నడిపించాడు. ఊపిరిని కనిపెట్టి ఉంటే క్లోరోఫాం వల్ల ప్రమాదం లేదన్నది ఆయన గట్టి నమ్మకం. 1888లో తన సహచర వైద్యులతో మొదటి క్లోరోఫాం కమిషన్ వేయించాడు. కుక్కల మీద చేసిన ఆ పరీక్షల్లో ప్రతిసారీ గుండె కంటే ముందు ఊపిరే ఆగిందని తేలింది. లండనులోని ప్రసిద్ధ వైద్య పత్రిక 'లాన్సెట్' ఆ ఫలితాలను అంగీకరించలేదు.

లారీ వెనుదిరగలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం చేత వెయ్యి పౌన్లు మంజూరు చేయించి, మీరు నమ్మే మనిషినే పంపి చూసుకోండని 'లాన్సెట్'కు కబురు పెట్టాడు. వరంగల్లు అప్పుడు నిజాం రాజ్యంలో భాగం. ఆ ఖజానాలో ఇక్కడి రైతు కట్టిన శిస్తు కూడా ఉంది. కాబట్టి ఈ పరీక్షలో ఓరుగల్లువారికీ పాలు ఉందనుకోవడం తప్పు కాదు.

'లాన్సెట్' పంపిన వైద్యుడు థామస్ లాడర్ బ్రంటన్. ఔషధ శాస్త్రంలో ఆనాటి పెద్ద పేరు. క్లోరోఫాం గుండెను ఆపగలదన్న అభిప్రాయంతోనే ఆయన 1889లో హైదరాబాదులో అడుగుపెట్టాడు. లారీ, బ్రంటన్, జెరాల్డ్ బామ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులుగా రెండవ కమిషన్ పనిచేసింది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి నాలుగు వందలకు పైగా జంతువులను పరీక్షించారు. చాలావాటి రక్తపోటును యంత్రంతో గీతలుగా నమోదు చేశారు. అన్ని మూగజీవాలు బలి కావడం నేటి మనసుకు కష్టంగా తోస్తుంది. ఆ త్యాగం నుండి నేర్చుకున్నది వృథా పోనీయకుండా చూడడమే మనం చేయగలిగినది.

పళ్ళ విషయం ఆ పరీక్షల్లో ప్రత్యేకంగా చేరింది. అరకొర మత్తులో చేస్తే ప్రాణాపాయమని పేరుపడిన పనులన్నీ కావాలనే చేసి చూశారు. మగతగా మాత్రమే ఉన్న జంతువుల పళ్ళు తీశారు, గోళ్ళు పెరికారు. రక్తపోటు కొద్దిగా అటూ ఇటూ అయింది గాని గుండె ఆగిపోవడం కనిపించలేదు. డిసెంబరులో బ్రంటన్ తన పాత అభిప్రాయాన్ని మార్చుకొని లండనుకు తంతి పంపాడు. క్లోరోఫాం ప్రమాదం ఊపిరి ఆడకపోవడం వల్లనో, మోతాదు మించడం వల్లనో వస్తుంది గాని నేరుగా గుండె వల్ల కాదని ఆ తంతి సారాంశం. 1890లో పూర్తి నివేదిక 'లాన్సెట్'లో అచ్చయింది.

కమిషన్ వైద్యులకు ఇచ్చిన ఆచరణ సూత్రాలు నేటికీ చదవదగ్గవి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి, ఛాతీకి పొట్టకు బిగుతు లేకుండా చూడాలి. పడుకోబెట్టడానికి వీలులేని శస్త్రచికిత్స అయితే శ్వాస మీద రెట్టింపు శ్రద్ధ పెట్టాలి. మొదట్లోనే మందును ముక్కుకు దగ్గరగా నొక్కి పట్టి రోగి పెనుగులాడేలా, ఊపిరి బిగపట్టేలా చేయరాదు. గుండెను కంగారుపెట్టకుండా, కేవలం ధైర్యం కలిగించే మేరకు, ముందుగా కొద్ది మద్యం ఇవ్వవచ్చు. ఈ చివరి సూత్రం గమనించదగ్గది. రోగి ధైర్యం కూడా చికిత్సలో భాగమేనని వారికి అనుభవం చెప్పింది. నేడు మనం మద్యం ఇవ్వము. ఆ పని చేయడానికి వేరే మందులు ఉన్నాయి.

ఆ రోజుల్లోనే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ఇక్కడి ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చే పనిలో నైపుణ్యం సంపాదించింది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా ఆమెను చరిత్రకారులు గుర్తించారు. మత్తు ఇవ్వడం ఎవరో ఒకరు చేసే పని కాదు, అదే పనిగా నేర్చుకున్నవారు చేయవలసిన పని అన్న పాఠానికి ఆమె జీవితం సాక్ష్యం.

కమిషన్ పట్టుకోలేకపోయిన నిజం

కమిషన్ చెప్పిన 'ఊపిరిని చూడు' అన్న మాట నిజం. 'గుండె నేరుగా ఆగదు' అన్న మాట మాత్రం నిజం కాదు. నివేదిక వచ్చిన తరువాత కూడా చిన్న చికిత్సల్లో, తేలిక మత్తులో హఠాత్ మరణాలు జరుగుతూనే ఉన్నాయి.

కారణం 1911లో తెలిసింది. లండను వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద పరీక్షించి, క్లోరోఫాం తక్కువ మోతాదులో ఉన్న సమయంలో రక్తంలోకి అడ్రినలిన్ చేరితే గుండె కింది గదులు లయ తప్పి గిలగిలలాడి ఆగిపోతాయని చూపించాడు. దీన్నే నేడు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటున్నాము. గాఢమైన మత్తులో ఈ ప్రమాదం తక్కువ. అరకొర మత్తులో ఎక్కువ.

అడ్రినలిన్ ఎక్కడి నుండి వస్తుంది? మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే రెండు చిన్న గ్రంథుల నుండి. అవి దాన్ని ధారాళంగా విడుదల చేసే సందర్భాల్లో మొదటిది భయం, రెండవది నొప్పి. హన్నా గ్రీనర్ ఎలా చనిపోయిందో నిశ్చయంగా చెప్పడం నేడు ఎవరికీ సాధ్యం కాదు. ఈ విధంగానే అయి ఉండవచ్చునన్నది చాలామంది నిపుణుల ఊహ. పన్ను తీయించుకోవడానికి కూర్చున్న రోగి సంగతి ఆలోచించండి. భయంతో గుండె దడదడలాడుతూ ఉంటుంది, మత్తు సగమే ఎక్కుతుంది, అంతలో పన్ను మీద పట్టకారు పడుతుంది. ప్రమాదానికి కావలసినవన్నీ ఆ కుర్చీలోనే కలుస్తాయి. పరిశోధనశాలలో కుక్క పన్ను తీసి చూడవచ్చు. పన్ను తీయించుకోవాలని వారం రోజులుగా బెదురుతున్న మనిషి గుండెను అక్కడ కొలవలేము. హైదరాబాదు లెక్కలో లేకపోయిన అంకె అదే.

క్రమంగా క్లోరోఫాం వాడుక నుండి తొలగిపోయింది. భయం మాత్రం మిగిలింది. దాన్ని ఎగతాళి చేయకుండా తగ్గించాలన్న పాఠమూ మిగిలింది.

తరువాత వచ్చిన నాలుగు మార్గాలు

మొదటిది తిమ్మిరి సూది. 1884లో వియన్నాలో కార్ల్ కొల్లర్ కొకెయిన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందని చూపాడు. కొద్ది కాలంలోనే దవడ నరానికి ఆ ఇంజెక్షన్ ఇవ్వడం మొదలైంది. కొకెయిన్ వ్యసనం కలిగించేది. దాని స్థానంలో 1900ల తొలి సంవత్సరాల్లో ప్రొకెయిన్, 1940లలో స్వీడన్ రసాయనవేత్త నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడొకెయిన్ వచ్చాయి. లిడొకెయిన్‌నే మన పళ్ళ డాక్టర్లు నేడు ఎక్కువగా వాడుతున్నారు. ఇది నొప్పిని ఆపుతుంది; భయాన్ని ఆపదు. మందు ఎక్కువసేపు నిలవడానికి ఇందులో తరచుగా కొద్దిపాటి అడ్రినలిన్ కలుపుతారు. అందువల్ల గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

రెండవది వెల్స్ వాడిన నైట్రస్ ఆక్సైడే. 1868లో చికాగో వైద్యుడు ఎడ్మండ్ ఆండ్రూస్ దానికి ఆక్సిజన్ కలిపి ఇవ్వడం మొదలుపెట్టడంతో అది సురక్షితమైంది. నేటి దంత వైద్యశాలల యంత్రాలు ఆక్సిజన్ 30 శాతానికి తగ్గకుండా కట్టుదిట్టం చేస్తాయి. ముక్కుకు చిన్న తొడుగు పెడతారు. రోగి మాట్లాడగలిగే స్థితిలోనే తేలికపడతాడు. ఆపిన కొద్ది నిమిషాలకే తెలివి పూర్తిగా తేటపడుతుంది. పిల్లలకు, సూది అంటే బెదిరేవారికి ఇది అనుకూలం. ముక్కు దిబ్బడ ఉన్నవారికి పనిచేయదు. గర్భిణులు, ముఖ్యంగా మొదటి నెలల్లో, తీసుకోరాదు.

మూడవది మగత మందు. 1945లో అమెరికాలోని లోమా లిండాలో నీల్స్ జార్గెన్సెన్ దంత రోగులకు నరం ద్వారా మగత మందు ఇచ్చే పద్ధతిని మొదలుపెట్టాడు. 1963లో డయాజిపామ్, ఆ తరువాత మిడాజొలామ్ వచ్చాక ఈ పద్ధతి సులువైంది. చికిత్సకు ముందు బిళ్ళగా మింగవచ్చు, లేదా నరం ద్వారా కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. రోగి పిలిస్తే పలుకుతాడు, నోరు తెరవమంటే తెరుస్తాడు. తరువాత చాలావరకు జరిగినది గుర్తుండదు. మిడాజొలామ్ ఎక్కువైతే విరుగుడుగా ఫ్లూమజెనిల్ అనే మందు ఉంది. ఈ మందులు నొప్పిని చంపవు కాబట్టి తిమ్మిరి సూది తప్పదు. కాకపోతే ఆ సూది భయం తగ్గాక పడుతుంది.

నాలుగవది పూర్తి మత్తు. చాలా కష్టమైన శస్త్రచికిత్సలకు, సహకరించలేని పిల్లలకు, మానసిక వైకల్యం ఉన్నవారికి ఇది అవసరమవుతుంది. పళ్ళ క్లినిక్కుల్లో పూర్తి మత్తు వల్ల జరిగిన మరణాల నేపథ్యంలో బ్రిటన్ 1990లో ఒక నివేదిక తెప్పించుకొని, చివరకు 2001 సంవత్సరాంతం నుండి ఆసుపత్రి బయట దాన్ని నిలిపివేసింది. మనకూ అదే మంచి నియమం. పూర్తి మత్తు కావాలంటే మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు, అత్యవసర వైద్యం ఉన్న ఆసుపత్రికే వెళ్ళాలి.

రోగి అడగవలసినవి, చెప్పవలసినవి

మందు పేరు కంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: "నా ఊపిరిని ఎవరు చూస్తుంటారు?" పన్ను తీసే డాక్టరు కన్ను పన్ను మీద ఉంటుంది, చెయ్యి నోట్లో ఉంటుంది, పక్కన రక్తం, లాలాజలం, నీళ్ళు ఉంటాయి. ఊపిరి ఆడే దారీ, శస్త్రచికిత్స జరిగే చోటూ ఒకటే. కాబట్టి నరం ద్వారా మగత ఇచ్చేటప్పుడు రోగిని గమనించడానికి శిక్షణ ఉన్న మరో మనిషి తప్పనిసరి. ఆక్సిజన్, గొట్టంతో పీల్చే యంత్రం, విరుగుడు మందు చేతికి అందేంత దూరంలో ఉండాలి.

కరోనా కాలంలో ఇంటింటా వేలికి తొడిగిన పల్స్ ఆక్సీమీటరు ఇక్కడ కూడా కావాలి. 1970లలో జపాను ఇంజనీరు తకువో అయోయాగి కనిపెట్టిన సూత్రంతో అది పనిచేస్తుంది. అయితే ఊపిరి మందగించిన కొంతసేపటికి గాని అందులో అంకె తగ్గదు, ముఖ్యంగా ఆక్సిజన్ పెట్టి ఉన్నప్పుడు. యంత్రం ఉన్నా, ఛాతీ కదులుతోందా అని కంటితో చూడడం మానరాదు. హైదరాబాదు కమిషన్ చెప్పినదీ ఇదే.

డాక్టరు అడగకపోయినా రోగి ఈ సంగతులు చెప్పాలి: బిగ్గరగా గురక పెట్టడం, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడడం, ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు, గుండె, కాలేయ, మూత్రపిండాల జబ్బులు, గర్భం, పాలిచ్చే తల్లి అయితే ఆ సంగతి, రక్తం పలుచబరిచే బిళ్ళలు, నిద్ర మాత్రలు, మూర్ఛ మందులు, మద్యం అలవాటు. మద్యం సంగతి భార్యాపిల్లల ముందు చెప్పడం కష్టమైతే డాక్టరుతో విడిగా చెప్పాలి. రోజూ తాగేవారికి మామూలు మోతాదు చాలకపోవచ్చు. ఆ పూట తాగి వచ్చినవారికి అదే మోతాదు ఊపిరిని ఆపవచ్చు. ధైర్యం కోసం ముందుగా ఒక పెగ్గు వేసుకొని వెళ్ళడం ప్రాణాంతకం.

నరం ద్వారా మగత గాని, పూర్తి మత్తు గాని తీసుకునేవారు డాక్టరు చెప్పిన గంటల పాటు ఏమీ తినకుండా రావాలి. షుగరు వ్యాధి ఉన్నవారు ఆ పూట మాత్ర, ఇన్సులిన్ సంగతి ముందురోజే అడిగి తెలుసుకోవాలి. ఇంటికి తీసుకువెళ్ళడానికి పెద్ద మనిషి ఒకరు వెంట ఉండాలి. ఆ రోజంతా బండి నడపకూడదు, కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు, పిల్లలను ఒంటరిగా చూసుకునే బాధ్యత తీసుకోకూడదు. మగత బిళ్ళలు మందుల షాపులో సొంతంగా కొని మింగి వెళ్ళడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అందుకే ఇక్కడ మోతాదులు రాయడం లేదు.

అందరికీ మందులు అవసరం లేదు. ఏమి చేయబోతున్నారో ముందే చెప్పించుకోవడం, చెయ్యి ఎత్తితే ఆపాలని డాక్టరుతో ఒప్పందం చేసుకోవడం, ఉదయం పూటే సమయం తీసుకోవడం వల్ల చాలామంది భయం సగం తగ్గుతుంది. అవి చాలనప్పుడు మగత మందు అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

1908 మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని దెబ్బతీసింది. తరువాత ఆ పరిసరాల్లోనే ఉస్మానియా ఆసుపత్రి లేచింది. నేడు ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నది కూడా అఫ్జల్‌గంజ్‌లోనే. మన జిల్లాల నుండి కష్టమైన పంటి సమస్యలతో అక్కడికి వెళ్ళేవారికి, అరకొర మత్తులో పన్ను తీస్తే ఏమవుతుందని నూట ముప్ఫై ఏళ్ళకు పూర్వం ప్రపంచానికి సమాధానం వెదికిన చోటు అదేనని తెలియకపోవచ్చు. ఆ సమాధానంలో సగం వారు చెప్పారు: ఊపిరిని చూడమన్నారు. మిగిలిన సగం తరువాతి వారు చెప్పారు: భయాన్ని తేలికగా తీసుకోవద్దన్నారు. మీ ఇంట్లో ఎవరైనా పన్ను తీయించుకోవడానికి వెనుకాడుతుంటే నవ్వకండి. వెంట వెళ్ళండి, వారి భయం సంగతి డాక్టరుకు మీరే చెప్పండి.